పైకి నొక్కితే కిందికి దిగిన ట్రక్కు

నా ట్రక్కు ఎయిర్ సస్పెన్షన్‌కి గాలి గొట్టాలు ఎలా వెళ్లాలో చూపించే ఈ బొమ్మ నేను నాలుగుసార్లు గీశాను. మొదటిసారి ఆఫీసు మీటింగ్‌లో కెమెరా ఆపేసి నోట్‌బుక్ చివరి పేజీలో, రెండోసారి గ్యారేజీలో ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె చింపి నేల మీద పరిచి మార్కర్‌తో, మూడోసారి బండి కింద వెల్లకిలా పడుకుని ఫ్రేమ్ మీదే సుద్దముక్కతో. నాలుగోదే ఇప్పుడు బండిలో ఉంది. అది నలుగురిలో నా పరువు పోయాక, విజయవాడ నుంచి మావయ్య వీడియో కాల్‌లో కేకలేస్తుంటే వంటింటి టేబుల్ మీద గీసింది.

ట్రక్కు అనగానే లారీ అనుకోకండి. ఇక్కడ టెక్సస్‌లో ట్రక్ అంటే పికప్. నాది 1971 షెవర్లే సీ10, పొట్టి బెడ్‌ది, బెడ్ అంటే వెనక సామాను వేసుకునే తొట్టి. ఎయిర్ సస్పెన్షన్ అంటే స్ప్రింగులు తీసేసి వాటి చోట రబ్బరు గాలి బ్యాగులు పెట్టడం. గాలి వదిలేస్తే బండి నేలని కరుచుకుని కూర్చుంటుంది, నింపితే లేచి మామూలుగా నడుస్తుంది. ఎందుకూ అంటే నా దగ్గర సమాధానం లేదు, మా ఆవిడ అడిగినప్పుడూ లేదు. ఈ మోడలే కొనడానికి మాత్రం కారణం ఉంది. 1967 నుంచి 72 వరకు వచ్చిన షెవర్లే సీ10లకి మామూలుగా వెనక కమాన్ పట్టీలు ఉండవు, ముందూ వెనకా కాయిల్ స్ప్రింగులే. వెనక ఇరుసుని రెండు పొడుగాటి ట్రెయిలింగ్ ఆర్మ్స్ పట్టుకుని ఉంటాయి కాబట్టి స్ప్రింగు తీసి బ్యాగు పెట్టినా ఇరుసు ఎక్కడికీ పోదు. అదే పట్టీల బండికైతే పట్టీలు తీశాక ఇరుసుని పట్టుకునే దిక్కే ఉండదు, దానికి వేరే లింకులు కట్టుకోవాలి, అది ఇంకో ఆరు నెలల పని.

బ్యాగులు బిగించడం రెండు శనివారాల్లో అయిపోయింది. తలనొప్పంతా గాలి ఏ దారిన వెళ్లాలి, ఎక్కడ ఆగాలి, ఎటు వెనక్కి రాకూడదు అన్న దగ్గరే.

సామాను పెద్దగా లేదు. కంప్రెసర్ ట్యాంకులోకి గాలి కొడుతుంది, ట్యాంకు నుంచి కరెంటు వాల్వుల మీదుగా నాలుగు బ్యాగులకి వెళ్తుంది. ఒక్కో బ్యాగుకి రెండు వాల్వులు, నింపేదొకటి, వదిలేదొకటి. మొత్తం ఎనిమిది. ముందు రెండు బ్యాగుల్నీ ఒక లైనుకి, వెనక రెంటినీ ఇంకో లైనుకి కలిపేస్తే నాలుగు వాల్వులతో పని అయిపోతుంది కదా, డబ్బులు మిగులుతాయి కదా అని మొదట్లో నేనూ అనుకున్నా. కానీ మలుపు తిరిగేటప్పుడు బరువంతా బయటివైపు చక్రం మీద పడుతుంది, ఆ బ్యాగులో గాలి నలిగి లైనులోంచి అవతలి బ్యాగులోకి పారిపోతుంది. ఏ వైపు గట్టిగా నిలబడాలో సరిగ్గా ఆ వైపే మెత్తబడి బండి ఇంకా ఒరిగిపోతుంది. ఇంజను బరువున్న ముందువైపు ఇది మరీ ప్రమాదం. అందుకని ఎనిమిదికి ఒప్పుకున్నా.

మొదటి బొమ్మలో ఏ బ్యాగు వాల్వులు ఆ బ్యాగు పక్కనే పెట్టాను. వదిలిన గాలి అక్కడికక్కడే బయటికి పోతుంది, పొడుగు పైపులో ప్రయాణం చేయక్కర్లేదు, బండి దభీమని దిగుతుంది. వీడియోల్లో చూపించేవన్నీ అవే. తర్వాత ఓపిగ్గా కూర్చుని జాయింట్లు లెక్కపెడితే 46 తేలాయి. మర ఉన్న ప్రతిచోటా లీకు ఉండే వీలుంది, 46 చోట్ల సబ్బునీళ్లు పూసుకుంటూ తిరగడం నావల్ల కాదు. పైగా ఆ వాల్వులుండేది చక్రాల పక్కన, వాననీళ్లూ బురదా నేరుగా కొట్టే చోట. రెండో బొమ్మలో ఎనిమిదింటినీ ఒకే అల్యూమినియం దిమ్మలోకి తెచ్చేశాను, దాన్ని మేనిఫోల్డ్ అంటారు, ట్యాంకు పక్కనే పెడతారు. జాయింట్లు 21కి వచ్చాయి, వైర్లన్నీ ఒక కట్టగా వెళ్లిపోయాయి. బండి కాస్త నెమ్మదిగా దిగుతుంది, దిగనీ.

మేనిఫోల్డ్ ఒకచోట ఉన్నప్పుడు పైపుల పొడుగు దగ్గర జాగ్రత్త పడాలి. నా బండిలో మేనిఫోల్డ్ కుడిపక్కకి ఉంది, కుడి బ్యాగుకి పైపు చాలా పొట్టిగా సరిపోతుంది. అలా కోసేస్తే కుడివైపు ముందు లేస్తుంది, ఎడమవైపు తర్వాత లేస్తుంది, ప్రతిసారీ ఎద్దు లేచినట్టు ఒక పక్కకి ఊగి లేస్తుంది. అందుకని కుడి పైపుని కూడా ఎడమదానంత పొడుగే కోసి మిగిలిందాన్ని ఫ్రేమ్ లోపల చుట్ట చుట్టి కట్టేశాను. లైన్లన్నీ 3/8 అంగుళం, ట్యాంకు నుంచి మేనిఫోల్డ్‌కి వచ్చేది మాత్రం 1/2 అంగుళం, ఎందుకంటే నాలుగు బ్యాగుల గాలీ ఆ ఒక్క గొట్టంలోంచే రావాలి.

ఇక ట్యాంకు ఎక్కడ? సుద్దముక్క బొమ్మంతా ఈ గొడవే. ఈ కాలపు సీ10లో పెట్రోలు ట్యాంకు ఎక్కడుంటుందో తెలుసా, క్యాబిన్ లోపల, సీటు వెనకాల. మన వీపుకి ఒక వరస స్పాంజి అవతల పెట్రోలన్నమాట. దాన్ని అక్కడ ఉంచడం ఇష్టం లేక వెనక ఇరుసు దాటాక ఫ్రేమ్ రెయిల్స్ మధ్యకి మార్చుకున్నా. మార్చి పొంగిపోయాక గుర్తొచ్చింది, గాలి ట్యాంకుకి నేను అనుకున్న చోటు కూడా అదే. ఇరుసు ముందేమో ట్రెయిలింగ్ ఆర్మ్స్, వాటి మధ్య డ్రైవ్‌షాఫ్ట్, పక్కనే సైలెన్సర్ పైపు. ఫ్రేమ్ బయట వేలాడదీస్తే బండి దించినప్పుడు ముందు నేలకి తగిలేది ట్యాంకే. పాత సామాన్ల ప్రకటనల్లో 3 గ్యాలన్ల బుల్లి ట్యాంకు ఒకటి దొరికితే అది మాత్రం బెడ్ కింద ఒక మూల ఇరికింది. చోటు దొరికింది కదా అని సంబరపడిపోయి, ట్యాంకు ఎంత కావాలో లెక్క చూడకుండా, ఎంత పడుతుందో చూసి పెట్టేశాను.

రెండు నెలలు బాగానే నడిచింది.

దీపావళికి మా తెలుగువాళ్లందరం ఒక పార్కులో కలిశాం. పిల్లలు బండి చుట్టూ చేరారు. ఒకసారి దించి లేపి చూపించా. "అంకుల్, మళ్లీ" అన్నారు. మళ్లీ చేశా. ఆరోసారో ఏడోసారో బండి కింద పూర్తిగా ఆనింది, వెనకవైపు లేపాను, లేచింది. ముందువైపు సగం లేచి ఆగింది. వెనకవైపు ఇంకాస్త లేపి, ముందువైపు పైకి బటన్ ఇంకోసారి నొక్కాను. ముందువైపు మెల్లగా కిందికి దిగింది. వదిలి మళ్లీ నొక్కా. ఇంకొంచెం దిగింది. ముక్కు నేలకానించి, వెనక భాగం గాల్లో పెట్టి నమాజు చేస్తున్నట్టుంది బండి. ఎనిమిదేళ్ల పిల్ల ఒకత్తి అడిగింది, "అంకుల్, మీ బటన్లు తిరగేసి పెట్టారా?"

బటన్లు సరిగ్గానే ఉన్నాయి. రెండు కంప్రెసర్లకీ కలిపి ఒకే 30 ఆంప్స్ ఫ్యూజు పెట్టాను, రెండూ గట్టిగా లాగితే 40 దగ్గరికి వెళ్తాయి, అంతకుముందు ఆటలోనే ఫ్యూజు పోయింది, పిల్లల గోలలో కంప్రెసర్ చప్పుడు ఆగిపోయిందని నాకు తెలీలేదు. ఆ సంగతి కనిపెట్టడానికి ఫోన్ లైటు వేసుకుని 40 నిమిషాలు, ఫ్యూజు మార్చడానికి ఒక నిమిషం.

రాత్రి మావయ్యకి ఫోన్ చేశా. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫయ్యేళ్లు లారీ మెకానిక్. బ్యాగుల బండి జన్మలో చూడలేదు గానీ గాలి బ్రేకులంటే ఆయనకి కొట్టినపిండి. బొమ్మ కెమెరాకి చూపించా.

"ఒరేయ్, బ్యాగులో ఎంతుంది?"

"ముందు వంద మావయ్యా. పీఎస్ఐ." టైర్లలో గాలి ఒత్తిడి కొలిచే కొలతే ఇది.

"ట్యాంకులో?"

"అప్పటికి 80 ఉంటుందేమో."

"మరి మధ్యలో తలుపు తీస్తే గాలి ఎటు పోద్దిరా?"

నేనేం మాట్లాడలేదు.

"ట్యాంకులో గాలుందా లేదా అని చూస్తావేంటి, బ్యాగు కన్నా ఎక్కువుందా లేదా చూడాలి గానీ. లారీ బ్రేకు లైన్లో ఎన్ఆర్‌వీ ఎందుకు పెడతారనుకున్నావ్, అందానికా? చదువుకున్నోడివి!"

ఎన్ఆర్‌వీ అంటే ఇక్కడివాళ్లు చెక్ వాల్వ్ అనేది, గాలిని ఒక్క వైపే పోనిస్తుంది. కంప్రెసర్ గొట్టంలో ఒకటి ఉంది, అది కంప్రెసర్‌తో పాటే వస్తుంది. ట్యాంకుకీ మేనిఫోల్డ్‌కీ మధ్య మాత్రం నేను పెట్టలేదు, ఎందుకంటే వాల్వు మూసి ఉంటే మూసే ఉంటుందనుకున్నా. అదీ తప్పే. ఈ రకం వాల్వుల్లో లోపల చిన్న రబ్బరు పొర ఉంటుంది, ట్యాంకు వైపు ఒత్తిడే దాన్ని సీటు మీదకి నొక్కి పట్టుకుంటుంది. ట్యాంకు ఒత్తిడి బ్యాగు కంటే తగ్గిందంటే నువ్వు బటన్ ముట్టుకోకపోయినా బ్యాగు గాలి ఆ పొరని ఎత్తేసి వెనక్కి జారుకుంటుంది. పొద్దున లేచేసరికి ముందువైపు దిగిపోయి ఉందని, బ్యాగుకే లీకు ఉందని నేను రెండు వారాలు బ్యాగు చుట్టూ సబ్బునీళ్లు పూశాను.

అప్పుడు కూర్చుని లెక్క వేశా, అసలు మొదటిరోజే వేయాల్సింది. ట్యాంకులో ఒత్తిడి 14.7 పీఎస్ఐ, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత, తగ్గితే ట్యాంకు ఎన్ని లీటర్లదో అన్ని లీటర్ల మామూలు గాలి బయటికొచ్చినట్టు. నా బ్యాగులు నడిచే ఎత్తులో ఒక్కోటి దాదాపు 2 లీటర్లు. ముందు రెంటికీ 100 పీఎస్ఐ కావాలి, ఇంజను అక్కడుంది కాబట్టి. వెనక ఖాళీ బెడ్ కాబట్టి 40 చాలు. బ్యాగు సాగే చోటుతో కలిపి ముందుకి సుమారు 30 లీటర్ల గాలి, వెనక్కి 14. నా ప్రెషర్ స్విచ్ 145 దగ్గర కంప్రెసర్‌ని ఆపుతుంది, 110 దగ్గర మళ్లీ వేస్తుంది. 3 గ్యాలన్ల ట్యాంకు అంటే 11 లీటర్ల చిల్లర. నిండు ట్యాంకుతో మొదలుపెట్టి, కంప్రెసర్ సాయం లేకుండా నాలుగూ ఒక్కసారి లేపితే చివరికి మిగిలేది 88. అంటే ముందు బ్యాగుల కంటే 12 తక్కువ. నా బండి ఒక్కసారి లేచేసరికే వెనక్కి జారే స్థితిలో ఉంటోంది, ఇన్నాళ్లూ కంప్రెసర్ పరిగెత్తుకొచ్చి ఆదుకుంటోందంతే. అదే 5 గ్యాలన్లదైతే, 19 లీటర్లు, 111 దగ్గర ఆగుతుంది. ముందు బ్యాగుల కంటే ఇంకా 11 పైనే.

ఈ లెక్కలోంచి ఇంకోటి బయటపడింది. బుల్లి ట్యాంకుతో కూడా ముందువైపు మొదట లేపితే లేస్తుంది, 145 నుంచి 106కి వస్తుంది, ఆ మిగిలిందాంతో వెనకవైపు హాయిగా లేస్తుంది, దానికి 40 చాలు కదా. పార్కులో నేను వెనకవైపు ముందు లేపాను. ఎక్కువ ఒత్తిడి గాలిని తక్కువతో సరిపోయే చోట ఖర్చుపెట్టేసి, అసలు అవసరమైన చోటికి ఖాళీ చేతులతో వెళ్లానన్నమాట. మావయ్యకి చెప్తే, "బరువున్న వైపు ముందెత్తాలని జాకీ పెట్టే కుర్రాడిని అడిగినా చెప్తాడు" అన్నాడు. ఇది నిజమో, నన్ను తిట్టడానికి కల్పించాడో తెలీదు.

అలా నాలుగో బొమ్మ వచ్చింది. 5 గ్యాలన్ల ట్యాంకు బెడ్‌లోనే, క్యాబిన్ వెనక గోడకి ఆనించి అడ్డంగా, దాని పక్కన కంప్రెసర్లు, మేనిఫోల్డ్, అన్నిటి మీదా మూత తెరుచుకునే చెక్క పెట్టె. బెడ్‌లో అడుగున్నర పోయింది. "అయితే సోఫా తేవడానిక్కూడా పనికిరాదన్నమాట" అంది మా ఆవిడ. ట్యాంకు నుంచి మేనిఫోల్డ్‌కి వచ్చే 1/2 అంగుళం లైనులో ఇత్తడి చెక్ వాల్వు. ఇప్పుడు ట్యాంకు ఖాళీ అయినా బ్యాగులు నిలబడతాయి, పైకి నొక్కితే ఏమీ కాదు, కిందికైతే దిగదు. కానీ ఒక తిరకాసు మిగిలిపోయింది. మేనిఫోల్డ్ లోపల నాలుగు బ్యాగులకీ ఒకే దారి. ట్యాంకు తక్కువగా ఉన్నప్పుడు నాలుగు బటన్లూ కలిపి నొక్కితే ముందు బ్యాగుల గాలి ఆ దారిన వెనక బ్యాగుల్లోకి పోతుంది, చెక్ వాల్వు దాన్ని ఆపలేదు, అది ట్యాంకు వైపు మాత్రమే కాపలా. ఒక్కో మూలకి ఒక్కో చెక్ వాల్వు పెట్టాలంటే మేనిఫోల్డ్ వదిలి మళ్లీ 46 జాయింట్ల దగ్గరికి వెళ్లాలి. వెళ్లను. అన్నీ కలిపి నొక్కే బటనే తీసేశా.

నీళ్ల సంగతి నేను చెప్పకముందే మావయ్య అడిగాడు. కంప్రెసర్ గాలిని నొక్కితే వేడెక్కుతుంది, ట్యాంకులో చల్లబడ్డాక అందులో తేమ చాలావరకు నీళ్లై అడుగున చేరుతుంది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆయన షెడ్డు దగ్గర నాకు ఇష్టమైన పని ఒకటుండేది, పొద్దున్నే లారీ కింద దూరి గాలి ట్యాంకు డ్రెయిన్ రింగు పట్టుకు లాగడం. బుస్సుమని తెల్లటి ఆవిరి, దాని వెనక నూనె కలిసిన గోధుమరంగు నీళ్లు, చొక్కా మీద పడి అత్త చేత తిట్లు. అంత తెలిసినవాణ్ని, బుల్లి ట్యాంకుని చోటు కోసం తిప్పి పెట్టి డ్రెయిన్ రంధ్రం పక్కకి వచ్చేలా చేశాను, మేనిఫోల్డ్‌కి వెళ్లే గొట్టమేమో కింది రంధ్రం నుంచి. అంటే నీళ్లన్నీ నేరుగా వాల్వుల్లోకి. పక్కవీధిలో ఇలాంటి బండే ఉన్నాయనకి 2021 ఫిబ్రవరి చలిలో, డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలకి పడిపోయిన ఆ వారంలో, వదిలే వాల్వు మంచుకి తెరుచుకునే ఉండిపోయిందట, వారం రోజులు బండి డ్రైవ్‌వేలో నేల మీదే. కొత్తదాంట్లో కింది రంధ్రానికి డ్రెయిన్ తప్ప ఇంకేం పెట్టలేదు, దాని పైపు బెడ్ నేలలోంచి కిందికి దింపి, చివర కొళాయికి తీగ కట్టి చక్రం పక్కకి తెచ్చా, వంగకుండా లాగొచ్చు. కంప్రెసర్‌కీ నీళ్ల ఫిల్టరుకీ మధ్య ఆరడుగుల రాగి గొట్టం చుట్ట పెట్టాను. వేడిగాలి అలాగే ఫిల్టరులోకి వెళ్తే తేమ ఆవిరిగానే దాటిపోతుంది, ముందు చల్లబడితేనే ఫిల్టరుకి నీటిచుక్క దొరుకుతుంది.

ట్యాంకుకి ఎనిమిది రంధ్రాలు. డ్రెయిన్, కంప్రెసర్లకి రెండు, మేనిఫోల్డ్‌కి ఒకటి, ప్రెషర్ స్విచ్, మీటరు, 175 దగ్గర దానంతటదే తెరుచుకునే సేఫ్టీ వాల్వు. ఈ చివరిది ట్యాంకుకే నేరుగా ఉండాలి, మధ్యలో ఏ వాల్వూ ఉండకూడదు. ఎనిమిదోదానికి మామూలు టైరు వాల్వు బిగించా. ఈసారి ఫ్యూజు పోతే ఎవరి డిక్కీలోనో ఉన్న టైరు పంపు అడుక్కోవచ్చు. ఫ్యూజులూ రిలేలూ కూడా ఇప్పుడు ఏ కంప్రెసర్‌వి దానికే.

చిన్నవి రెండు. మరలకి టెఫ్లాన్ టేపు చుట్టకండి, ద్రవంగా వచ్చే సీలెంట్ పూయండి. నేను చుట్టిన టేపులోంచి గోరంత తెల్ల పీలిక ఊడి వెళ్లి వాల్వు సీటు మీద కూర్చుంది, మేనిఫోల్డ్ విప్పితే అన్నంలో వెంట్రుకలా కనబడింది. రెండోది, నైలాన్ పైపుని పటకారుతో కోయొద్దు, దానికి కట్టర్ ఉంటుంది, ఏటవాలుగా కోసిన పైపు ఫిట్టింగులో ఎంత లోపలికి నెట్టినా కారుతూనే ఉంటుంది. సైలెన్సర్ దగ్గరికి పైపు పోనివ్వకండి అని వేరే చెప్పక్కర్లేదనుకుంటా. ఆ, ఇంకోటి, గాలి మీద నిలబడ్డ బండి కింద ఎప్పుడూ దూరొద్దు, ఫ్రేమ్ కింద స్టాండ్లు పెట్టాకే. నా సుద్దముక్క బొమ్మ స్టాండ్ల మీదున్నప్పుడు గీసిందే.

కొత్త అమరికతో ఆరు వారాలైంది. పైకి నొక్కితే పైకే వెళ్తోంది. ముందు ఎడమ మూల మాత్రం రాత్రికి ఒక వేలెడు దిగుతోంది, మిగతా మూడూ కదలట్లేదు, కాబట్టి ఇది ట్యాంకు వైపుది కాదు, ఆ ఒక్క మూలదే. 21లో ఆ మూల లైనుకి సంబంధించినవి రెండే జాయింట్లు, ఒకటి మేనిఫోల్డ్ దగ్గర, ఒకటి బ్యాగు దగ్గర. గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కలిపి స్ప్రే సీసాలో పోసి పెట్టా, శనివారం పొద్దున చూడాలి.